పిన్ని గుచ్చిన గులాబీ కొమ్మలు

అమ్మ పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు, నాన్న భుజం మీద చెయ్యి వేశారు. వాళ్ళకి కుర్చీలు వేసిందీ, మంచినీళ్ళు అందించిందీ పిన్ని. తోడికోడలు పోతే ఎవరినైనా ఓదారుస్తారా? ఆ చుట్టరికమంటేనే లోకానికి వేళాకోళం. వంటింట్లో వాటా, మాటకు మాట, అంతే అనుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

నిజం చెప్పొద్దూ, పైనుంచి చూసేవాళ్ళకి అలాగే కనిపించేవారు. పాతికేళ్ళు ఒకే వంటింట్లో మసలినా, దుప్పటి ఎలా మడవాలన్న దాని మీద కూడా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. కానీ ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్ళకి ముద్ద దిగేది కాదు.

పిన్ని టైలరు షాపులకి కాజాలు కుడుతుంది. చొక్కాలు మూటలుగా ఇంటికొస్తాయి. కిటికీ పక్కన పీట వేసుకుని, బొత్తాం పట్టేంత చీలిక కోసి, దాని అంచు చుట్టూ దారాన్ని ఎంత దగ్గరగా వేస్తుందంటే, చొక్కా చిరగాలి గాని కాజా ఊడదు. పని మీద అంత ఓపికున్న మనిషి మొక్కల దగ్గరికొచ్చేసరికి చంటిపిల్ల అయిపోయేది.

వానలు తగ్గి చలి ఇంకా మొదలవని రోజుల్లో అమ్మ పెరట్లో కొమ్మలు గుచ్చేది. మందారం, నందివర్ధనం, ఏది దొరికితే అది. పెన్సిలంత లావు కొమ్మ, కింద ఏటవాలు కోత, ఇసుక కలిపిన మట్టి, గోడ నీడ. తెల్లారేసరికి పిన్ని అక్కడ ప్రత్యక్షం. ఒక్కో కొమ్మనీ పైకి లాగి, వేరొచ్చిందా లేదా అని చూసి, మళ్ళీ గుచ్చేది. ఇక అమ్మ లంకించుకునేది.

"నీ చేతులు పడిపోనూ! అదేమన్నా చొక్కానా, తిప్పి తిప్పి చూడ్డానికి? దాని మానాన దాన్ని వదిలెయ్యవే!"

"ఊపిరి ఆడుతోందో లేదోనని చూశానక్కా," అని పిన్ని కిసుక్కున నవ్వేది.

పెరటి మెట్ల పక్కన ఒక గులాబీ ఉండేది. లేత రంగు, ముద్దపువ్వు. పిన్ని ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడు, కొత్తపిల్ల బెంగ పెట్టుకుందని అమ్మ పిన్ని కోసం నాటింది. ఎవరైనా కొమ్మ అడిగితే అమ్మ "అది మా చెల్లెలిది, దాన్నడగండి" అనేది. పిన్నేమో "నాకేం తెలుసు, అక్కనడగండి" అనేది. వెరసి ఊళ్ళో ఎవరికీ ఆ గులాబీ దక్కలేదు.

అమ్మ పోయిన ఏడాదే పక్కింటి గోడకి చెమ్మ ఎక్కింది. ప్లంబరు వచ్చి చూసి, మురుగు గొట్టం సరిగ్గా గులాబీ కిందే పగిలిందని, వేళ్ళు లోపలికి దూరాయని తేల్చాడు.

"మొక్క తియ్యక తప్పదమ్మా. ముదిరిపోయింది, పెళ్ళగిస్తే మళ్ళీ బతకదు."

పిన్ని అతన్ని బతిమాలుకుంది. "నాలుగు కొమ్మలు గుచ్చుకుంటాను బాబూ. అవి పట్టాక తవ్వుదువుగాని."

పక్కింటివాళ్ళు సణుగుతూనే ఒప్పుకున్నారు. పిన్ని కాజాల కత్తెర పక్కన పెట్టి, అమ్మ కత్తెర తీసింది. అమ్మ చేసినట్టే అన్నీ చేసింది. మొక్కల విషయంలో నాన్నకీ, బాబాయికీ, నాకూ తెలిసింది సున్నా. ఈసారి మాత్రం పిన్ని కుండీల మీద చెయ్యి వెయ్యలేదు. దూరంగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూసేది.

"మీ అమ్మ మాట ఒక్కసారైనా వినాలి కదే," అంది నాతో.

కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసినందుకు చిగుళ్ళొచ్చాయి. ఎర్రగా, నిగనిగలాడుతూ, ప్రతి కొమ్మకీ. పిన్ని సూదీ దారమూ చేతిలో ఉండగానే నా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. "బతికాయే! అన్నీ బతికాయి!" అమ్మ పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ పూటే ప్లంబరుకి కబురు పెట్టింది. అతను తవ్వాడు, గొట్టం మార్చాడు, పైన సిమెంటు చేశాడు. పాత మొక్కని చెత్తబండి పట్టుకుపోయింది.

ఆ తర్వాత చిగుళ్ళు వాలడం మొదలుపెట్టాయి. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తగ్గించింది, ఎండేమోనని నీడకి జరిపింది. చివరికి నర్సరీ అతన్ని పిలుచుకొచ్చింది. అతను ఒక కొమ్మని రెండు వేళ్ళతో ఎత్తాడు. సులువుగా వచ్చేసింది. అడుగున నల్లగా కుళ్ళిపోయి ఉంది, ఒక్క వేరు లేదు.

"కొమ్మలో దాచుకున్న సత్తువతోనే ఇలా చిగురేస్తుందమ్మా. అది చూసి నమ్మకూడదు. కొన్నాళ్ళాగి మెల్లిగా ఎత్తి చూడాలి. బిగువు తెలిస్తేనే వేరు పట్టినట్టు," అన్నాడతను.

అమ్మ కూడా అలాగే ఎత్తి చూసే ఉంటుంది, పిన్ని కంటపడకుండా. ఇన్నేళ్ళూ మాట వినకుండా కొమ్మల్ని పాడుచేసిన మనిషి, అక్క మాట విన్న ఒక్కసారే ఆ మొక్కని పోగొట్టుకుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

అతను వెళ్ళాక పిన్ని మిగతా కుండీలు కూడా బోర్లించింది. అన్నీ అంతే. ఆ మట్టిలోనే చతికిలబడింది. ఇంటి నిండా జనం ఉన్న రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"ఇప్పుడు పోయిందే మా అక్క. ఇంతకాలం పోలేదు, ఇప్పుడు పోయింది. నా చేతులారా తవ్వించేశాను."

నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. నీ తప్పేం లేదు పిన్నీ అన్నాను. ఆవిడ నా చెయ్యి తోసేసింది.

"అలా అనకే. ఓదార్చకు నన్ను. అక్క ఉంటే ఎన్ని తిట్లు తిట్టేదో! నీ గొంతు అచ్చం అక్క గొంతే. ఒక్కసారి మీ అమ్మలా నన్ను తిట్టవే."

అమ్మ తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు. నోరు తెరిచాను. ఒక్కటీ బయటికి రాలేదు. పిన్ని మొహం పైకెత్తి, నా నోటివంకే చూస్తూ ఎదురుచూస్తోంది.