అంచు గుంటలు

మా ఆడపడుచు ఇంటికి రాగానే చెప్పులు విప్పి నేరుగా సింకు దగ్గరికి వెళ్తుంది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే పిల్లను ఎత్తుకుంటుంది. ఆ నియమం నేను పెట్టిందే. తను పనిచేసే ల్యాబులో పెంచేవి కేన్సర్ కణాలు. అవి బట్టలకు అంటుకుని ఇంటికి రావని నాకూ తెలుసు, నేను చదువుకున్నదీ ఆ శాస్త్రమే. తెలిసినంత మాత్రాన భయం పోదు కదా.

తను నవ్వుతూనే ఒప్పుకుంది. "మా కణాలు ఇంక్యుబేటర్ దాటితే బతకవు వదినా. నీ కూతురేమో నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఎవరిని చూసి ఎవరు భయపడాలి?" అంది.

మా ఆయన తన చెల్లికి చుక్కలమ్మ అని పేరు పెట్టాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిపెట్టుతో చుక్కలు వేయడమే తన పని. అరచేతంత ప్లాస్టిక్ ప్లేటు, దాని నిండా వరసలు వరసలుగా చిన్న గుంటలు. ప్రతి గుంటలోనూ గులాబీ రంగు ద్రవం, అడుగున కణాలు. కొన్ని గుంటల్లో మందు వేస్తారు, కొన్నింటిని వేయకుండా వదిలేస్తారు. రెండు రోజులాగి, రెండింటికీ తేడా ఏమైనా ఉందా అని చూస్తారు.

మన కణాలకు 'పెరుగు' అని ఒక సంకేతం అందుతుంది, పని అయ్యాక ఆగిపోతుంది. కేన్సర్ కణంలో అది ఆగదు, కట్టేయడం మరిచిన కుళాయిలా కారుతూనే ఉంటుంది. ఆ కుళాయిని కట్టేసే పదార్థం దొరికిందని వాళ్ళ ల్యాబు నుంచి ఒక పరిశోధన పేపరు వచ్చింది. దాంతో ల్యాబు నడిపే సారుకు సన్మానాలు, రాసిన సీనియర్‌కు మందుల కంపెనీలో ఉద్యోగం. అతను ఖాళీ చేసిన కుర్చీలో చుక్కలమ్మ కూర్చుంది. ఏడాదికొకసారి సారు సంతకం పెడితేనే ఆ కుర్చీ ఉంటుంది.

తనకొక అలవాటుంది. పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటరు ముందు తన చంకలో పెట్టుకుంటుంది, అది నిజం చెబుతోందో లేదో చూడటానికి. పక్కన నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉంటాను. నా కంగారు ఆ అలవాటును మార్చలేకపోయింది. సారు పేరు ప్రతిష్ఠలూ మార్చలేకపోయాయి.

ఆ ల్యాబులో ప్లేటు వేసే పద్ధతి ఒకటుంది. చేరిన మొదటి రోజే నేర్పుతారు: మందు అంచు గుంటల్లో, ఉత్త ద్రవం మధ్య గుంటల్లో. అంచులు చేతికి సులువుగా అందుతాయి, వేసిన గుంటలోనే మళ్ళీ వేసే పొరపాటు జరగదు అని సీనియర్ మొదలుపెట్టాడట. అందరూ అలాగే వేస్తూ వచ్చారు. ఒకసారి ప్లేటును వెలుతురుకి ఎత్తి పట్టుకున్నప్పుడు, అంచు గుంటల్లో ద్రవం కాస్త కిందికి దిగి ఉండటం చుక్కలమ్మకు కనిపించింది. ఇంక్యుబేటర్ వెచ్చదనానికి ఆ గుంటలు ముందుగా ఎండుతున్నాయి. నీళ్ళు ఆవిరైతే మిగిలిన ద్రవంలో ఉప్పు ఎక్కువవుతుంది. ఉప్పు ఎక్కువైతే కణాలు పెరగడం ఆపేస్తాయి, మందు ఉన్నా లేకపోయినా.

ఈసారి తిరగేసి వేసింది. మందు మధ్యలో, ఉత్తది అంచున. మందు పడిన కణాలు హాయిగా పెరిగాయి. మందు ముఖం చూడని అంచు కణాలు ఆగిపోయాయి. తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని మళ్ళీ వేసింది, ఇంకోసారీ వేసింది. ప్రతిసారీ అదే.

అన్నం దగ్గర ఇదంతా చెప్పినప్పుడు మా ఆయన ముందు నవ్వాడు. "అయితే మీరు కనిపెట్టింది మందు కాదే, ఎండ," అన్నాడు. మరుక్షణం నవ్వు ఆపి, సంతకం ఎప్పుడు పెడతారని అడిగాడు. వచ్చే నెలలోనే. అదే నెలలో సీనియర్ పనిచేసే కంపెనీ వాళ్ళు ఆ పదార్థాన్ని చూడటానికి వస్తున్నారు. నచ్చితే ఎలుకల మీద, తరవాత మనుషుల మీద.

మర్నాడు తను సారు గదికి వెళ్ళింది. ఆయన కోప్పడతాడని భయపడుతూ వెళ్ళింది. కోప్పడి ఉంటే బాగుండేది. టీ తెప్పించాడట. తను తీసిన ప్లేట్ల ఫొటోలు ఒక్కొక్కటీ చూశాడట. చూసి, కప్పు కింద పెట్టి అన్నాడు:

"అంచులు ఎండుతాయని ఎవరికి తెలీదమ్మా? ప్లేటు మామూలుగానే వెయ్యి."

ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే తన ముఖం, కుళ్ళిన కూరగాయ చేతికి తగిలినట్టు ముడుచుకుపోయింది. తెలియక చేశారని తను అనుకుంది. తెలిసే చేశారు. సీనియర్‌కు ఫోన్ చేస్తే అతనూ ప్రేమగానే మాట్లాడాడట. తానూ మొదట్లో ఇలాగే ఇదైపోయానని, రెండు పేపర్లు వస్తే సర్దుకుంటుందని ధైర్యం చెప్పాడట.

మా పిల్ల జ్వరం మందు కూడా గులాబీ రంగే. ఆ రాత్రి పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే సీసా చేతిలో పట్టుకుని దాని మీద రాసిందంతా చదివాను. ఎవరి ప్లేటులో, ఏ గుంటల్లోంచి మా ఇంటి దాకా వచ్చిందో అందులో రాసి ఉండదు. చివరికి వేశాను. వేయక ఏం చేస్తాను?

కంపెనీ వాళ్ళు వచ్చిన రోజు చుక్కలమ్మ రెండు ప్లేట్ల ఫొటోలూ తెర మీద పక్కపక్కనే పెట్టింది. మందు అంచున ఉంటే ఏం జరిగిందో, మధ్యలో ఉంటే ఏం జరిగిందో చెప్పింది. గదిలో పాతికమంది ఉన్నారు, అందరూ ఆ శాస్త్రం చదివినవాళ్ళే. కంపెనీ పెద్దావిడ రెండు ఫొటోలూ పరీక్షగా చూసి, ఫైలులో ఏది పెట్టమంటారని సారును అడిగింది.

"మొదటిది," అన్నాడు సారు. "రెండోది మా అమ్మాయి పని నేర్చుకుంటున్నప్పటిది."

అందరూ తలలూపారు. బిస్కెట్లు వచ్చాయి. సీనియర్ కూడా ఒకటి తీసుకుని టీలో ముంచుకున్నాడట.

సంతకం పడలేదు. ఆ మందు మీద రాస్తున్న కొత్త పేపరులో తన పేరు వద్దని తను రాసిచ్చింది. సారు ఎంతో పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. మందు ఎలుకల దాకా వెళ్ళింది. చుక్కలమ్మ ఇంట్లో కూర్చుని ఉద్యోగాలకు రాసుకుంటోంది. సారు మంచి మాట చెబితే గానీ ఏ ల్యాబూ పిలవదు.

పోయిన వారం సారే ఫోన్ చేశాడు. పిల్ల నా ఒళ్ళో ఉంది, తను పక్కనే. ఆయన గొంతు నాకూ వినబడుతోంది.

"ఏమ్మా, బాగున్నావా? నీ కుర్చీలోకి కొత్తమ్మాయి వచ్చింది. చెయ్యి ఇంకా కుదరలేదు. నీది మంచి చెయ్యి. ఒక్క పూట వచ్చి ప్లేటు ఎలా వెయ్యాలో చూపించి వెళ్ళు. నీ ఉద్యోగం సంగతి కూడా నేను ఒకరితో అంటాను."

తను ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"తప్పకుండా వస్తాను సార్," అంది. "మందు మధ్యలో వెయ్యడం చూపిస్తాను."

అవతల ఫోన్ పెట్టేశారు.

పిల్ల అత్త మీదికి రెండు చేతులూ చాచింది. తను ఎత్తుకోలేదు. ఆ రోజు గడప దాటనే లేదు, ఏ కణాన్నీ ముట్టుకోలేదు. అయినా ఫోను బల్ల మీద పెట్టి, సింకు దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రాసుకుంది.