కస్తూరక్క నోట్లో వక్కాకు లేని రోజు

మొన్న ముదలియార్‌పేట బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ చిన్న సంచి విప్పి, తమలపాకు ఈనె గిల్లి, సున్నం రాసుకుంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నాకు ఇంకేమీ పట్టలేదు. దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచి వచ్చాను. నడుస్తున్నంతసేపూ కస్తూరక్క నాతోనే ఉంది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. మా వీధిలో జాకెట్లు కుట్టే మనిషి, అంతే.

మా ఆయనకు పుదుచ్చేరి బదిలీ అయి యానాం నుంచి వచ్చిన కొత్తలో నాకు తమిళం ఒక్క ముక్క రాదు. తెలుగావిడ ఉందని ఎవరో చెబితే జాకెట్టు గుడ్డ పట్టుకుని వెళ్ళాను. "యాడ నుంచి వస్తా ఉండావు పాపా?" అంది. యానాం అన్నాను. "అట్లనా. నీ తెలుగు రేడియోలో చెప్పినట్ల ఉండాది" అని నవ్వింది. ఆమె ముత్తాతల నాటి నుంచీ వాళ్ళది ఇక్కడే కాపురం. తెలుగు మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరాలు రావు, బడిలో నేర్చింది తమిళమే. ఆవేళ జాకెట్టు కోసం వెళ్ళినదాన్ని, ఊసుపోక మర్నాడూ వెళ్ళాను, ఆ తర్వాత అక్కడే పని నేర్చుకున్నాను. గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు అరచెయ్యి ఆనించి, అది ఎవరిదో, ఏం కొయ్యబోతున్నామో పైకి చెప్పడం ఆమె పద్ధతి. ఓసారి నేను మరిచిపోతే నా చెయ్యి పట్టుకుంది. "నోరు తప్పితే నేను దిద్దుతా. కత్తెర తప్పితే ఎవురు దిద్దేది?" అంది. ఆమె కోపం అంతకు మించి ఎప్పుడూ పెరగలేదు, నా తప్పులు మాత్రం చాలాకాలం తగ్గలేదు.

ఆమె దవడలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వక్కాకు, అదే తాంబూలం, ఉండేది. కొత్త గుడ్డ వస్తే అంచును రెండు వేళ్ళతో నలుపుతూ, నములుతూ, ఎటో చూస్తూ రకం తేల్చేది. అందుకే డెబ్బై ఏళ్ళు దగ్గర పడ్డాక ఆ చూపు కొంచెం ఎక్కువసేపు నిలవడం మొదలైనా మాలో ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత పని తప్పసాగింది. ఒకావిడ జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కోసింది. అడిగిందే అడిగేది. చెప్పకుండా కోసేది, అది నన్ను భయపెట్టింది. ఆమె కొడుకు జయరామన్‌కు అదే వీధిలో స్కూటర్ విడిభాగాల దుకాణం. తల్లిని ఓ డాక్టరుకు చూపిస్తే వయసు మతిమరుపు అన్నాడట. "అమ్మకు మతి పోతా ఉండాది వసంతమ్మా. అంగడి మూసేద్దాం. ఆ కత్తెర కూడా తీసి దాచెయ్యండి" అన్నాడు నాతో, ఆమె వింటుండగానే. అతను వెళ్ళాక ఆమె కత్తెర ఒళ్ళో పెట్టుకుని, "ఇది తీసేస్తే నేను ఏంది పాపా ఇంక?" అంది. ఆ కత్తెర నేను దాచలేదు.

అమావాస్య నాడు పెద్దలకు అన్నం పెట్టి, కాకి ముట్టేదాకా కస్తూరక్క పచ్చి మంచినీళ్ళు కూడా తాగదు. వక్కాకు మాటే లేదు. అలాంటి ఒక అమావాస్య పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె బల్ల ముందు కూర్చుని నములుతోంది. ఎడమ చేతి వేళ్ళు గుడ్డ అంచును నలుపుతున్నాయి. పిలిచాను, పలకలేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, వాటి మీద ఎరుపు లేదు. నోట్లో ఏమీ లేదు. ఇన్నాళ్ళూ రోగం ఆమె అలవాట్లనే తొడుక్కుని మా కళ్ళముందు తిరిగిందని నాకు అప్పుడు తట్టింది. ఫోనులో వీడియో తీశాను. కాసేపటికి తేరుకుని, "ఇది ఎవురి గుడ్డ?" అని అడిగింది.

ఆ వీడియో పట్టుకుని జయరామన్, నేను ఆమెను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చూడగానే ఆ డాక్టరమ్మ, ఇవి ఫిట్సే అంది. కింద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ కాదట. పెద్ద వయసులో ఇలా చూపు నిలిచిపోయి, నోరు ఆడుతూ వచ్చి పోతాయట. మతిమరుపూ ఇవీ తరచు కలిసే నడుస్తాయి, ఒకటి ఉంటే రెండోది కూడా వచ్చే వీలు ఎక్కువ, మాత్రలతో వీటిని ఆపవచ్చు గానీ జ్ఞాపకం మొత్తం తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను అని నెమ్మదిగా చెప్పింది. జయరామన్ మెల్లగా, చేతిలో ఇనుప తాళంచెవి పెట్టవచ్చా అని అడిగాడు. అక్కర్లేదు, నోట్లో కూడా ఏమీ పెట్టకండి అంది డాక్టరు. కస్తూరక్క కొడుకు వైపు తిరిగి, "ఇనుముకు పోయేదైతే, ఇన్నేండ్లు నా చేతిలో ఉండేది ఏందిరా?" అంది. డాక్టరుకు తెలుగు రాదు. ఆ కత్తెర మాట నేను తమిళంలో చెబితే ఆవిడా నవ్వింది.

మాత్రలు పడ్డాక ఆ చూపు నిలిచిపోవడం ఆగింది. ముఖం తేటబడింది. జాకెట్టు చేతుల కొలతలు మళ్ళీ కుదిరాయి. మాకు దక్కిన మంచికాలం అది, తలుచుకుంటే ఇప్పటికీ సంతోషమే. అయితే మరుపు మాత్రం తన దారిన తాను నెమ్మదిగా వచ్చింది. ఒకరోజు ఆమే కత్తెర నా వైపు జరిపి, "ఇంక నువ్వు కొయ్యి. నేను హుక్కులు కుడతా" అంది. ఎవరూ లాక్కోలేదు, తనే ఇచ్చింది. ఆ తేడా ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

చుట్టాలు వచ్చినప్పుడల్లా పరీక్ష పెట్టేవాళ్ళు. నేనెవరో చెప్పు, వీడి పేరేంటో చెప్పు అని. జయరామన్ కూడా అడిగేవాడు, పాపం, ఆశ కొద్దీ. ఆమె తల వంచుకుని చీర కొంగు చూసుకునేది. ఓ మధ్యాహ్నం మాత్రం తల ఎత్తింది. "బడిలో కూడా నన్ను ఎవురూ ఇట్ల నిలబెట్టి అడగలా. మీకు తెలుసు కదా, మీరే చెప్పండి. చెబితే వింటా కదా" అంది. జయరామన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆఖరి నెలల్లో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి అతను తల్లి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. "అమ్మా, నేను జయరామన్ని. నీ కొడుకుని. ఇది మన ఇల్లు. పొద్దున అయింది" అంటున్నాడు, తొందర లేకుండా. రోజూ అలాగే చెబుతున్నాడని తర్వాత తెలిసింది. ఆమె అతని ముఖం కలయజూసింది.

"నా కొడుకువా?" అంది. "అయితే తిన్నావా?"

అతను తిన్నానమ్మా అన్నాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు ఆ అంగడి నేను నడుపుతున్నాను. వచ్చే పెద్దవాళ్ళలో ఎవరైనా మాట మధ్యలో ఆగి నా ముఖంలోకి చూస్తే, కుర్చీ వేసి, నా పేరు చెప్పి, వాళ్ళు ఏ పని మీద వచ్చారో కూడా నేనే చెబుతాను. గుర్తుపట్టారా అని మాత్రం ఎవరినీ అడగను.