ఆ ఏడు మా ఇంట్లో వెలగని కొవ్వొత్తులు

మా చిన్నప్పుడు... క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆగమన ఆదివారాలంటే మా ఇంట్లో పెద్ద హడావిడి. జమ్మలమడుగులో మాది నాపరాళ్ళ మిద్దె. పొద్దుగూకగానే జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, పడసాలలో చాప పరిచేది. ఇత్తడి తట్టలో పెన్న ఇసుక పోసి నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టేది. వారానికొకటి వెలిగించాలి. ఒక కీర్తన, ఒక వాక్యం, తర్వాత జేజి ప్రార్థన... ఆమె మొదలుపెడితే పక్కింటి బర్రెల దాకా అందరినీ దీవించి గానీ ఆపేది కాదు. మాకేమో కడుపులో ఎలుకలు పరిగెత్తేవి.

అయితే దానికి ముందు జేజి పెట్టిన ఒక రివాజు ఉండేది. ఇంట్లో ఎవరైనా మాట్లాడుకోకుండా ఉంటే ముందు చేతులు కలపాలి... ఆ తర్వాతే అగ్గిపుల్ల గీయాలి. నేనూ మా అక్కా ఎప్పుడూ రిబ్బన్ల దగ్గరో దువ్వెన దగ్గరో కొట్లాడుకునే ఉండేవాళ్ళం. మూతులు ముడుచుకునే చేతులు కలిపేవాళ్ళం. అమ్మకూ చిన్నమ్మకూ కూడా మినహాయింపు లేదు.

నేను ఆరో తరగతి చదివే ఏడు చిన్నాయన ప్రొద్దుటూరులో కొత్తగా పెట్టిన వేరే సంఘంలో చేరాడు. పెన్నలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడు. తడి బట్టలతో ఇంటికొచ్చిన తమ్ముణ్ణి చూసి నాయనకు ఒళ్ళు మండింది.

"పసిబిడ్డప్పుడు నీకు పోసినవి నీళ్ళు కాదంట్రా? మన తాతలంతా నరకానికి పోయినారా?"

"నేనట్లన్నానా? నువ్వు పేరుకే క్రైస్తవుడివన్నా... అంతే."

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటూ మా పిల్లల చేత కబుర్లు పంపుకునేవాళ్ళు.

మొదటి ఆదివారం వచ్చింది. జేజి మీద గౌరవంతో ఇద్దరూ వచ్చి చాప మీద కూర్చున్నారు... ఒకరు ఈ కొసన, ఒకరు ఆ కొసన. జేజి అగ్గిపెట్టె మధ్యలో పెట్టింది.

"ఎవురు ముందు మాట్లాడితే వాళ్ళు గీయండి. నేనైతే గీయను."

ఎవరూ కదల్లేదు. కీర్తన లేదు, ప్రార్థన లేదు. కాసేపు అట్లాగే కూర్చుని లేచి అన్నాలు తిన్నాం.

రెండో ఆదివారమూ అంతే. మూడో వారం అమ్మ ఉండబట్టలేక, "అత్తా, పిల్లోళ్ళ మొగం చూసైనా వెలిగిద్దాం" అంది.

"వెలిగిస్తే వెలుగుతాదిలేమ్మా. దాందేముంది?" అంది జేజి.

నాలుగో వారానికి మాకు అలవాటైపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు... ఎప్పుడు లేస్తారా అని మాత్రం చూశాను.

క్రిస్మస్ పొద్దున చిన్నాయన తన సంఘానికి పోయాడు. మేము మా గుడికి పోయాం. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచారు. జేజి లేవలేదు. అట్లా ఆమె కూర్చుండిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాయన మాత్రం పోయి తన వంతు పుచ్చుకొని వచ్చాడు.

ఇంటికొచ్చాక నాయనే అడిగాడు. "ఎందుకు లేయలేదుమా?"

"ఇద్దురు కొడుకుల్ని ఒక చాప మింద కలపలేకపోతి. ఏం మొగం పెట్టుకొని పొయ్యేదిరా?"

నాయన చేతిలో ఉన్న నిప్పట్టు తినడం పూర్తి చేశాడు.

ఆ తర్వాత చిన్నాయన ప్రొద్దుటూరుకు కాపురం మార్చేశాడు. జేజి మళ్ళీ ఆ తట్ట బయటికి తియ్యలేదు. ఇద్దరూ కలవకుండానే ఆమె పోయింది. సమాధి దగ్గర కూడా అన్నదమ్ములు చెరొక పక్క నిలబడ్డారు.

పోయిన ఏడు నాయన పోయాడు. కబురు తెలిసి చిన్నాయన వచ్చాడు... ముసలాయన అయిపోయాడు, చేతిలో కర్ర. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. పెట్టె మీదికి వంగి నాయన మొహంలో మొహం పెట్టాడు.

"అన్నా... నేనొచ్చినాన్నా. ఒక్కసారి మాట్లాడున్నా..."

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏడ్చారు. నాకు మాత్రం కన్నీళ్ళు రాలేదు. ఇది రాస్తుంటే కూడా ఏమీ అనిపించడం లేదు... అదే నా బాధ.

ఇప్పుడు ఆగమన కాలమంటే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక వాక్యం వస్తుంది. అందరూ దండం పెట్టే బొమ్మ పెడతారు. ఎవరికి ఎవరితో మాటలున్నాయో అడిగేవాళ్ళు లేరు.

మీ ఇండ్లల్లో ఈ ఆదివారాలు ఎట్లా గడిచేవో రాయండి, చదువుకుంటాను... కానీ మీరు ఎవరితోనైనా మాట మానేసి ఉంటే, కామెంటు తర్వాత పెడుదురు గానీ, ముందు వాళ్ళకు ఫోన్ చెయ్యండి.