రెండు ముక్కల కీబోర్డు

కడప కోర్టు ఎదురుగా ఉన్న టైపింగ్ షాపులో పనిచేసే రోజుల్లో నేను కొట్టిన కాగితాల్లో సగం నెత్తుటి కథలే. నరికినారు, పొడిచినారు, తల పగలగొట్టినారు. లాయర్లు చెబుతుంటే నేను టకటకా కొట్టేదాన్ని. ఏళ్ల తరబడి అలా కొట్టీ కొట్టీ నా మణికట్లు చచ్చుబడ్డాయి. నీళ్ల చెంబు ఎత్తితే చేతిలోంచి జారిపోయేది. ఇంకా ఇలాగే కొడితే చేతులు పనికిరాకుండా పోతాయని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. టైపు తప్ప నాకింకో పని రాదు. ఆ మాట విన్నాక అన్నం కూడా సహించలేదు.

కంప్యూటర్ సామాన్లు అమ్మే ఆయన చేత హైదరాబాదు నుంచి ఒక కీబోర్డు తెప్పించుకున్నాను. నడిమికి రెండు ముక్కలు. ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి, వాటిని కలుపుతూ ఒక తీగ. భుజాలంత ఎడంగా పెట్టుకుని కొడితే మణికట్టు వంకర పోదట. మొదట్లో అది నాకు నరకం చూపించింది. నడుమ ఉండే ఒక అక్షరాన్ని ఎప్పుడూ ఎడమ చేతి వేలితోనే నొక్కేదాన్ని. ఇప్పుడది కుడి ముక్కలోకి పోయింది. నా వేలు వెళ్లి ఉత్త బల్లను పొడిచేది. కోపం పట్టలేక దాన్ని గోడకేసి కొట్టబోయి ఆగిన రోజులున్నాయి.

మా షాపు ఓనరుకైతే దాన్ని చూస్తేనే ఒళ్లు మంట.

"పగిలిన వస్తువు అంగట్లో పెట్టుకుంటే దరిద్రం మ్మా. రేపు ఆయుధపూజకు బొట్టు యాడ పెట్టాల? ఈ ముక్కకా, ఆ ముక్కకా?"

"నీ నోటికి పెట్టప్పా!" అన్నాను.

మొండికేసి దాని మీదే కొట్టాను. కొన్నాళ్లకు చెంబు జారడం ఆగింది. పొద్దున లేవగానే పిడికిలి బిగించి, విప్పి, మళ్లీ బిగించి పిచ్చిదానిలా నవ్వుకునేదాన్ని.

అప్పుడే మైదుకూరు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పొలం గట్టు తగాదాలో సొంత అన్న కొడుకే వేటకొడవలి ఎత్తాడు. తలకు అడ్డం పెట్టిన కుడి చేతికి నాలుగు వేళ్లూ పోయి బొటనవేలు ఒక్కటే మిగిలింది. పోలీసులు పట్టించుకోలేదని కోర్టులో ఫిర్యాదు వేయడానికి లాయరు నా దగ్గరికి పంపాడు. కూర్చుంటూనే ఆయన కళ్లు కీబోర్డు మీద పడ్డాయి.

"ఏమ్మా, దీన్ని గూడా నరికినారా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "లేదు పెద్దాయనా, నా చేతులు బాగుండాలని ఇట్ల చేసినారు."

"చేతుల కోసమైతే మంచిదేలే" అన్నాడు.

ముక్కాలు భాగం కొట్టాను. అంతలో, పెద్దాయన వెంటపడి వచ్చాడో ఏమో, ఆ అన్న కొడుకు షాపులోకి దూసుకొచ్చాడు. చొక్కా వెనక నుంచి కొడవలి లాగాడు.

"నా మీద రాస్తాండేది నువ్వేనా? రాసే చెయ్యి ఈడనే తెగుతాది!"

అంటూనే దించాడు. నా చేతులు రెండు ముక్కల మీద ఎడంగా ఉన్నాయి. కొడవలి ఆ సందులో పడింది. తీగ తెగింది, బల్ల చీలింది, ఎడమ ముక్క ఎగిరొచ్చి నా ఒళ్లో పడింది. పాత కీబోర్డే అయితే నా చేతులు సరిగ్గా ఆ చోటే ఉండేవి.

వాడు తెగిన తీగను చెప్పు కాలితో నలిపాడు. "అయిపాయ నీ కేసు!" అని పెద్దాయన మొహాన ఉమ్మి వెళ్లిపోయాడు. మిషను పగలగొడితే రాసిందంతా పోతుందనుకున్నాడు గాడిద కొడుకు! కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊర్లో లైనుకొకసారి సేవ్ చేసే అలవాటు మాది. తెర మీద వాడి పేరు, వాడి తండ్రి పేరు, వాడి కొడవలి, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

బల్ల కింద దూరిన ఓనరు మెల్లగా లేచి షట్టరు దించబోయాడు. "మనకెందుకు మ్మా, రేపు చూద్దాంలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పాత కీబోర్డు తెచ్చిస్తావా, నన్నే తెచ్చుకోమంటావా?"

షట్టరు వదిలేసి తెచ్చాడు. దాని మీద చేతులు పెట్టగానే పాత నొప్పి మోచేతి దాకా పాకింది. పళ్లు బిగపట్టి, వాడి తల మీద కొడుతున్నట్టే ఒక్కో అక్షరం కొట్టాను. షాపులో జరిగింది కూడా కొట్టాను. సాక్షుల చోట నా పేరు నేనే వేసుకున్నాను.

పెద్దాయన ఎడమ చేతితో వేలిముద్ర వేశాడు. తర్వాత కుడి చెయ్యి చాపి, ఆ మిగిలిన ఒక్క బొటనవేలితో నా మణికట్టును మెల్లగా ఒత్తాడు.

"నొప్పిగా ఉండాదా మ్మా?"

"శానా నొప్పిగా ఉండాది పెద్దాయనా" అని ఆయన ముందే బోరుమని ఏడ్చేశాను.