పదకొండు గంటల ప్రయాణం

విమానం టిక్కెట్లు అమ్మే ఆ ఆఫీసులోనే ఆవిడ జుట్టు నెరిసింది. ఆవిడ మాత్రం ఒక్కసారైనా విమానం ఎక్కిన పాపాన పోలేదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఏ ఊరు ఎంత దూరమో, ఎన్ని గంటలు పడుతుందో పొద్దస్తమానం చెప్పడమే పని. మెడ పట్టేసేది, గొంతు ఎండిపోయేది. అడిగేవాళ్లకేం, అడుగుతూనే ఉండేవాళ్లు.

ఆ పనిలో ఒక కిటుకుంది. ఎన్ని గంటలని అడిగితే, విమానం గాల్లో ఉండే గంటలే చెప్పాలి. మధ్యలో దిగి ఇంకో విమానం కోసం పడిగాపులు పడే సంగతి, గుచ్చి గుచ్చి అడిగితే తప్ప ఎత్తకూడదు. "అంతా చెబితే ఎవడు కొంటాడమ్మా?" అనేవాడు యజమాని. ఆ లెక్కే ఆవిడ నాలుక మీద స్థిరపడిపోయింది.

దూరదేశంలో ఉన్న అక్కకి గొంతులో పుండు లేచింది. ఒకరోజు ఫోన్ చేసింది.

"ఎల్లుండి ఆపరేషనే. ఆ తర్వాత ఇక మాట రాదట. ఈలోగా నువ్వొస్తే, ఎదురుగా కూర్చోబెట్టుకుని కడుపునిండా వాగుతాను. ఎంతసేపు పడుతుందే?"

"పదకొండు గంటలక్కా. రేపు ఎక్కినా ముందే వచ్చేస్తా."

సెలవు అడగాలి, బట్టలు సర్దుకోవాలి, రేపు వెళ్తే చాలనుకుంది. తీరా టిక్కెట్టు తీసేటప్పుడు గుర్తొచ్చింది, మధ్యలో సగం రోజు ఆగాలని. ఆనాటి విమానం అప్పటికే వెళ్లిపోయింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఈవిడ పాపం యజమాని తియ్యమంటే తీసింది. అక్కకి నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆపరేషన్ కాస్త ఆలస్యం కాకపోతుందా అన్న ఆశతోనే బయల్దేరింది.

మధ్య ఊళ్లో విమానాశ్రయం కుర్చీ మీద, వాచిన కాళ్లతో కూర్చుని ఫోన్ చేసింది. బావ ఎత్తాడు.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారమ్మా. చెల్లెలొస్తోంది ఆగండని డాక్టర్లని రెండుసార్లు ఆపింది. చెప్పేదేదో నాకు చెప్పు, నేను చెబుతానన్నా. నీకెందుకు, అది రానీ అంది."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంకా ఒక విమానం మిగిలే ఉంది. వెళ్లి అదీ ఎక్కింది.

అక్క కళ్లు తెరిచేసరికి పక్కనే ఉంది. మెడ చుట్టూ కట్టు, ముక్కులో గొట్టం. చెల్లెల్ని చూడగానే అక్క పెదవులు కదిలాయి. చిట్టెలుకా. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అక్క పెట్టుకున్న పేరది. లోకంలో ఇంకెవరూ ఆవిడని అలా పిలవరు. పెదవులైతే కదిలాయి, చప్పుడు మాత్రం రాలేదు.

"ఆఁ, వచ్చానక్కా," అంది.

అక్క మళ్లీ పిలిచింది.

"ఆఁ" అంది చెల్లెలు.