మా డానియల్ బావ బ్రెజిల్

మా డానియల్ బావ గిటారు పట్టాడంటే ఏ పాటైనా బ్రెజిల్ పోవలసిందే. పెండ్లి పాటైనా, క్రిస్మస్ పాటైనా, పిల్లను పండబెట్టే పాటైనా సరే. ఆయన మాత్రం ఇప్పటివరకు మిర్యాలగూడ దాటలేదు.

ఈ పిచ్చి లాక్‌డౌన్‌లో ఫోన్ చూస్తుంటే పట్టుకుంది. ఎవరో బ్రెజిల్ ఆయన పక్కింటివాళ్లు లేస్తారేమో అన్నంత మెల్లగా పాడుతూ గిటారు వాయిస్తున్నాడట. దాన్ని బోసా నోవా అంటారట. షాపులు తెరవగానే బావ ఇనుప తీగలు పీకేసి నైలాన్ తీగలు కట్టాడు.

"బొటనవేలు దాని నడక అది నడుస్తది. కడమ వేళ్లు జర ఆగుకుంట ఆగుకుంట వస్తయి. పాడినట్టుండదు, చెవుల ముచ్చట చెప్పినట్టుంటది. ఇను బామ్మర్దీ."

"ఇనవడితే గద బావా ఇనేది."

ఇంట్లో ఉన్నన్నాళ్లు భరించాం. రెండేండ్ల కింద ఆ బ్రెజిల్‌ను నల్గొండలో మా చర్చికి తెచ్చాడు. అక్కడి పాటల బృందంలో డోలక్ నాది. నేను చెయ్యి లేపితే చాలు, "జర మెల్లగ" అంటాడు. మా అక్క పోపు వేసినా అదే మాట. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో పాస్టరుగారికే సైగ చేశాడు.

ఏటా డిసెంబరులో చర్చిల పాటల పోటీ జరుగుతుంది. అంతకుముందు కప్పు మాదే. బ్రెజిల్ వచ్చాక రెండేండ్లూ చివరి స్థానమే. నాకు ఒళ్లు మండిపోయింది. ఈసారి పోటీకి వారం ముందు బావ రిహార్సల్‌కు ఆలస్యమైతే, ఇదే సందని డోలక్ దంచిపారేశాను. అందరూ ఊగిపోయారు. సుగుణమ్మత్త ఒక్కతే పుస్తకం మూసి కూర్చుంది.

ఒకప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. రెండేండ్ల కింద గొంతు ఆపరేషన్ అయింది.

"ఏమైందత్తా?"

"మీరు కానియ్యుర్రి కొడుకా. నా గొంతు గంత మీదికి లేవది. డానియల్ వచ్చినంక పాడ్త."

నా చేతులు డోలక్ మీదే ఆగిపోయాయి. సిగ్గేసింది. బావ గేటు దగ్గర బండి ఆపుతుంటే నిలదీశాను.

"గిదంత అత్త కోసమని ముందుగాల చెప్తే ఏం పోయేది?"

"చెప్తే అందరు ఆమె మీద జాలితోటి మెల్లగ వాయిస్తరు. గది ఆమెకు ఎర్కైతది. తప్పు బ్రెజిల్ మీద పెడితే ఎవ్వలకు నొప్పి?"

"అయితే గా పిచ్చి ఉత్తదేనా?"

"ఉత్తదెట్లయితది? అది నా పానం."

పోటీ రోజు వేళ్ల కొసలతోనే వాయించాను. సుగుణమ్మత్త పాడుతుంటే ముందు వరుసలవాళ్లు మెడలు చాచి విన్నారు. అంతలో వేదిక పక్కన తర్వాతి బృందంవాళ్లు డ్రమ్ములు సరిచూసుకోవడం మొదలుపెట్టారు. నాకు చిర్రెత్తింది. అటు తిరిగి, "జర మెల్లగ" అన్నాను.

కప్పు ఆ డ్రమ్ములవాళ్లకే పోయింది. మాది మళ్లీ చివరి స్థానమే. బావకు చీమ కుట్టినట్టయినా లేదు. గిటారు సంచిలో పెట్టుకుంటూ నన్ను అడిగాడు.

"ఎంత దూరం పోయినవ్ బామ్మర్దీ?"

"మిర్యాలగూడ దాటిన బావా."