మూడు కాళ్ళ పిట్ట

మా బజారులో కంప్యూటరుతో ఎంబ్రాయిడరీ కుట్టే మిషన్ మొదట దింపినది మేము. ఈ మాట ఎక్కడికి వెళ్ళినా చెబుతాను, ఇక్కడా రాస్తున్నాను. పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు రాయడమే వచ్చు. బడిపిల్లల జేబుల మీద బ్యాడ్జీలు, ఆసుపత్రి నర్సుల కోట్ల మీద పేర్లు, బ్యాండు వాయించేవాళ్ళ భుజాల మీద బంగారు తీగలు, ఊరు వేసుకు తిరిగిన కుట్టులో సగం మా కొట్టుదే. కొట్టు మీద పేరు నాది. పని మా ఆవిడది.

ఆ మొదటి మిషన్‌కు బొమ్మ ఎలా కుట్టాలో చెప్పేది చిల్లులు పొడిచిన కాగితపు రిబ్బను. ఒక్క గులాబీకి మూరల కొద్దీ కాగితం. మా ఆవిడ వాటిని చుట్టలు చుట్టి బిస్కెట్ డబ్బాల్లో దాచేది. ఒకసారి ఎలుక కొరికిన చుట్టను అతికించి ఎక్కిస్తే, నెమలికి తోక ఉండాల్సిన చోట మెడ వచ్చింది. దాన్ని కూడా ఒకాయన ముచ్చటపడి కొనుక్కుపోయాడు. అమ్మింది నేనే.

తరవాత ఫ్లాపీలు వచ్చాయి. అరచేతిలో ఇమిడే నల్ల పలక, డబ్బాడు కాగితం చేసే పని అదొక్కటే చేసేది. మా ఆవిడ మొదటి ఫ్లాపీని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది.

"ఇంత బొమ్మ ఇందులో ఎక్కడుందండీ?"

"నీ బుర్రలో ఎక్కడుందో అక్కడే" అన్నాను.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి బుల్లి, ఇంకా బడికి వెళ్ళని వయసులో, సుద్దముక్కతో కొట్టు గచ్చు మీద ఒక పిట్టను గీసింది. దానికి మూడు కాళ్ళు.

"మూడెందుకే?" అని వాళ్ళమ్మ అడిగింది.

"రెండు నడవడానికి. ఒకటి నిద్రపోడానికి."

మా ఆవిడ ఆ పిట్టను చూసి కంప్యూటరులో గీసి, ఫ్లాపీకి ఎక్కించి, బుల్లికి మొదటి బడిసంచి కొన్నాక దాని మీద కుట్టింది.

ఆవిడ ఏ వస్తువు కొన్నా తొడుగు కుట్టనిదే ఊరుకోదు. రేడియోకు తొడుగు, నా కళ్ళజోడు పెట్టెకు తొడుగు, ఆ తొడుగు మాయకుండా ఇంకో తొడుగు. మిగతా ఫ్లాపీలు రేకు పెట్టెలో పడి ఉండేవి గాని, పిట్ట ఫ్లాపీకి మాత్రం వెల్వెట్ సంచి కుట్టింది. లోపల ఏముందో తెలిసేలా సంచి మీద అదే పిట్టను కుట్టింది. జారిపోకుండా, ఆడవాళ్ళ చేతిసంచులకు మేము వేసే అయస్కాంతపు బొత్తం వేసింది. బీరువాలో చీరల మధ్య పెట్టింది.

పెన్ డ్రైవ్‌తో నడిచే మిషన్ కొన్నప్పుడు (అదీ బజారులో మేమే ముందు) రేకు పెట్టెలోని డిజైన్లన్నీ ఆ వేలెడంత పుల్లలోకి మార్చింది. పిట్ట ఫ్లాపీని మాత్రం ముట్టుకోలేదు.

"అది భద్రంగా ఉంది. దాని జోలికి పోకండి" అంది.

ఈ మధ్య బుల్లికి నెలలు నిండుతున్నాయి. పక్క వీధిలోనే కాపురం. ఫోన్ చేసింది.

"అమ్మా, నా పిట్ట ఉందిగా? పుట్టబోయేవాళ్ళ దుప్పటి మీద అదే కావాలి. ఇంకేదీ వద్దు."

"ఉండక ఎక్కడికి పోతుందే" అంది మా ఆవిడ.

పాత కంప్యూటరు దుమ్ము దులిపి ఫ్లాపీ పెట్టాం. గరగరమని తిరిగి, లోపల ఏమీ లేదంది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాం. అదే మాట. ఆవిడ ఏమీ తోచక సంచి బొత్తం తెరిచి మూసింది. టక్కుమని అతుక్కుంది. అప్పుడు ఇద్దరికీ తెలిసింది. ఫ్లాపీలో ఉండే రాతంతా అయస్కాంతపు రాతే. పక్కనే మరో అయస్కాంతం ఏళ్ళ తరబడి కాపలా కూర్చుంటే చెరిగిపోదూ?

"రేకు పెట్టెలో పారేసినా బతికేదండీ" అంది. "బుల్లికి ఏమని చెప్పను?"

కొట్టుకు వచ్చిన ఎవరికీ లేదని చెప్పి పంపని మనిషి. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీది పిట్టను వేలితో నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ఆ వేలు ఆగింది. సంచిని లోపలివైపు బయటికి తిప్పింది. కుట్టును వెనకనుంచి చూస్తే దారం ఎక్కడ మొదలై ఎటు పోయిందో కనబడుతుంది.

"కళ్ళజోడు పెట్టుకోండి. నాకు ఆనడం లేదు. దారం ఎటు పోతోందో మీరు చెప్పండి, నేను గీస్తాను."

"రెక్క మొదట్నించి కిందికి... ఇక్కడ ముక్కు వంకరగా ఉంది. సరిచేద్దామా?"

"ఇన్నేళ్ళలో మీ ముక్కు సరిచేశానా? ఉన్నది చెప్పండి."

అలా గీసినదాన్ని కంప్యూటరుకు ఎక్కించి దుప్పటి మీద కుట్టాక, బుల్లి వచ్చి దుప్పటి విప్పింది. పిట్ట కాళ్ళు వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. మా ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"ఇది ఆ పిట్ట కాదే. దాన్ని నేనే ఆ అయస్కాంతం సంచిలో దాచి దాచి పోగొట్టాను. ఇది చూసి గీసింది."

బుల్లి దుప్పటిని కడుపు మీద పరుచుకుంది. "అప్పుడు కూడా నువ్వు చూసే గీశావు కదమ్మా. నిద్రపోయే కాలు ఉంది. చాలు."

అప్పటికప్పుడు ఆ డిజైన్‌ను తన ఫోనులోకి, అక్కణ్ణించి ఇంటర్నెట్‌లో దాచే చోటికి పంపించుకుంది. "అక్కడ నువ్వు తొడుగు కుట్టలేవు, బతికిపోతుంది" అని వాళ్ళమ్మను ఆటపట్టించింది. వెళ్ళబోతూ వెల్వెట్ సంచి కూడా అడిగింది. మా ఆవిడ కత్తెర తీసుకుని అయస్కాంతపు బొత్తం కోసేసింది. ఆ చోట రెండు తాళ్ళు కుట్టి, ఫ్లాపీని లోపల పెట్టి, జాగ్రత్తగా ముడివేసి ఇచ్చింది. అందులో ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు.